మరొకరి చేతి బొమ్మ

అలమర మూలన ఏండ్లుగా పడి ఉన్న సగం రంగుల జాంబీ బొమ్మను పూర్తి చేయాలా, దాన్ని అట్లనే వదిలేసి కొత్త డబ్బా విప్పాలా? మినియేచర్లకు సరదా కొద్దీ రంగులు వేసుకునేవాళ్లకు ఇది తెగని పంచాయితీ. మనసు ఎప్పుడూ కొత్త డబ్బా వైపే లాగుతుంది. పూర్తి చేయమనేవాళ్లు చెప్పే కారణమేమో గట్టిది కాదు: పెట్టిన డబ్బు దండగవుతుందట. బొమ్మ పూర్తయినంత మాత్రాన ఆ డబ్బు తిరిగొస్తుందా? నేనూ పూర్తి చేయమనే పక్షమే గానీ, నా కారణం వేరు. అది తెలియాలంటే మా పెద్దపల్లి నుంచి గోదావరి దాటి నిర్మల్ దాకా పోవాలి.

నిర్మల్ కొయ్యబొమ్మ చాలాసార్లు ఒక్క చేతి మీదుగా తయారు కాదు. పొణికి చెక్క తేలికగా, మెత్తగా ఉంటుంది, ఉలికి ఇట్టే లొంగుతుంది. జింకయితే ఒళ్లు వేరు, కాళ్లు, కొమ్ములు వేరుగా చెక్కి, తర్వాత అతుకుతారు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపితే మక్కు తయారవుతుంది. అతుకుల సందుల్లో దాన్ని కూరి, ఆరాక నున్నగా రుద్ది, తెల్ల సుద్ద పూసి, ఆ పైన రంగులకు దిగుతారు. ఒకప్పుడు ఆకులు, ఖనిజాల నుంచి తీసిన రంగులు వాడేవారు, తర్వాత డ్యూకో వంటి రంగులు వచ్చాయి. చెక్కేది ఒకరు, రంగులద్దేది మరొకరు కావడం అక్కడ మామూలు సంగతి. రంగు చేతికి బొమ్మ వచ్చేసరికే సగం నిర్ణయాలు జరిగిపోయి ఉంటాయి. జింక మెడ ఎటు తిరగాలో చెక్కినవాడు ఎప్పుడో తేల్చేశాడు. రంగులద్దేవాళ్లు ఆ మెడను మార్చలేరు, దాన్ని చదవాలి. మెడ మలుపులో నీడ ఎక్కడ పడుతుందో, మక్కు ఎక్కడ ఎత్తుగా నిలిచిందో చూసుకొని దానికి తగ్గట్టు కుంచె నడపాలి. ఎదుటి చేతి ఉద్దేశాన్ని పట్టుకుని ముందుకు నడిపించడం అక్కడ పనిలో భాగం. రోజూ చేసేదే కనుక దాన్ని ప్రత్యేకంగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

సరదాకు రంగులేసేవాడికి ఈ అవకాశం లేదు. బొమ్మను ఫ్రేము నుంచి తుంచేది, జిగురు పెట్టేది, ప్రైమర్ కొట్టేది, రంగు వేసేది అంతా తనే. అచ్చు ఎవరో పోసిందే గానీ, రంగుల విషయంలో ఇంకొకరి మాటకు తలొగ్గే అవసరం ఎప్పుడూ రాదు. వచ్చే చోటు ఒక్కటే, తనే మరిచిపోయిన బొమ్మ. ఎత్తు 28 మిల్లీమీటర్లు, కందిగింజంత తల. చొక్కాకు నీలం పడింది, కుడిచేతికి పచ్చ పడింది, ఎడమచెయ్యి ఇంకా ప్రైమర్ బూడిద రంగులోనే ఉంది. మెడ ముడతల్లో పల్చటి వాష్ రంగు నిలిచి, అంచులో మరకలా ఎండిపోయింది. ఆ పచ్చ తుది రంగా, పైన ఇంకేదో వేయడానికి పరిచిన అడుగు పూతా? వాష్‌ను చూసుకోక వదిలేశారా, కుళ్లు కనిపించాలని కావాలనే ఉంచారా? జవాబు చెప్పేవాళ్లు లేరు. బొమ్మను దీపం కింద తిప్పి తిప్పి చూసి పట్టుకోవాల్సిందే. ఇన్నేండ్లలో చెయ్యి మారింది, కన్ను మారింది. కాబట్టి అది నిజంగా మరొకరి పనే. కొత్త డబ్బా ఎన్ని విప్పినా ఈ పాఠం దొరకదు.

ఏ బొమ్మయినా పనికొస్తుంది గానీ, జాంబీ దీనికి మరీ అనువు. రాజు కిరీటానికి, పోలీసు చొక్కాకు పలానా రంగని ఉంది, జాంబీ చర్మానికి లేదు. జార్జ్ రొమెరో 1968లో తీసిన జాంబీ సినిమా నలుపు తెలుపులో వచ్చింది. నెత్తురు కోసం అందులో చాక్లెట్ సిరప్ వాడారు. అదే దర్శకుడు 1978లో రంగుల్లో తీసినప్పుడు ముఖాలకు పూసిన బూడిద రంగు తెర మీద నీలంగా కనిపించింది. మనకు 2021లో ‘జాంబీ రెడ్డి’ వచ్చి, కర్నూలు ఫ్యాక్షన్ ఊళ్లోకే జాంబీలను దింపింది. కాబట్టి పాత చేతి పచ్చను తప్పనలేం, కొత్త చేతి ఊదాను తప్పనలేం. పైగా ఇవి గుంపుగా వస్తాయి. 2012లో కిక్‌స్టార్టర్ ద్వారా మొదలైన ‘జాంబీసైడ్’ లాంటి బల్ల ఆటల డబ్బాలో ఒకే అచ్చు బొమ్మలు పదే పదే ఉంటాయి. పదో చొక్కాకు వచ్చేసరికి విసుగు రాక మానదు. సగంలో ఆగినవి అన్నిటికన్నా వీటిలోనే ఎక్కువ ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఒక తెలివైన అభ్యంతరం ఉంది: అది శవమే కదా, దుమ్ము పట్టి సగం రంగుతో ఉంటేనే నిజంగా ఉంటుందని. పక్కన పెట్టుకుని చూస్తే ఈ వాదం నిలవదు. అలమరలో దుమ్ము పైనుంచి దిగుతుంది, నెత్తి మీద, భుజాల మీద పేరుకుంటుంది. మట్టిలో నడిచే శవానికి మురికి కింది నుంచి ఎక్కాలి, బూట్లకు, ప్యాంటు అంచుకు, మోకాళ్లకు. అసలు దుమ్ము, గీసిన దుమ్ము ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి. పైగా దుమ్ము రంగులన్నిటినీ ఒకే చదును చేసి ముడతల లోతు మింగేస్తుంది. గోదావరిఖని, రామగుండం వైపు ఇండ్లకు బొగ్గు నుసి కొత్త కాదు, దాని మీదే పూత వేస్తే రంగు గరుకు తేలుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో మెత్తని బ్రష్‌తో కడిగి, ఆరనిచ్చి, కనపడని చోట గోటితో గీకి చూడాలి. రంగు పట్టుకుని ఉంటే దాని మీదే నడవొచ్చు.

మొత్తం గీకేసి మొదటి నుంచి వేస్తే పోలేదా అంటారు. పాత పూత పొరలుగా లేస్తున్నా, మందంగా పడి ముక్కూ నోరూ పూడ్చేసినా గీకక తప్పదు. మిగతాప్పుడు గీకడమంటే మళ్లీ కొత్త డబ్బా విప్పినట్టే, మరొకరి చెయ్యి మాయమైపోతుంది. ఇంతకన్నా బరువైన మాట ఇంకొకటి: వదిలేసినదాని వెంట పడడం ఉత్త మొండితనం కాదా? శవాన్ని భుజాన వేసుకుని చెట్టుకూ శ్మశానానికీ మధ్య తిరిగిన విక్రమార్కుడి పట్టుదలను మెచ్చుకుంటూ పెరిగినవాళ్లం గనక ఈ ప్రశ్న మనం వేసుకోవాల్సిందే. ఔను, వదిలేయాల్సినవి ఉంటాయి. ఆ పాత చేతి ఉద్దేశం ఏం చేసినా అంతు చిక్కకపోతే, చిక్కినా మనకు నచ్చకపోతే, దాన్ని ఇంకొకరికి ఇచ్చేయడంలో నామోషీ లేదు. డబ్బాలో ఉన్న అరవై బొమ్మలనూ పూర్తి చేయమని నేను అనడం లేదు. ఒక్కటి చాలు. ఇక ఇంట్లో పెద్దవాళ్లు “గీ దయ్యం బొమ్మ ఇంట్లెందుకు బిడ్డా” అంటే, కట్టే ప్రతి ఇంటి ముందూ కోరలు చాచి వేలాడే దిష్టిబొమ్మను చూపిస్తే సరి.

ఎక్కడ ఆపాలన్నది వేరే చిక్కు. గుడిలో విగ్రహానికి నేత్రోన్మీలనం ఆఖరున జరుగుతుంది, కన్ను తెరవడంతో శిల్పి పని ముగుస్తుంది. జాంబీకి ఆ గుర్తు లేదు, కంటిని తెల్లగానో పసుపుగానో వదిలేస్తే చాలు, పాప దిద్దితే మళ్లీ బతికిన మనిషి అవుతుంది. కాబట్టి కన్ను మీద ఆధారపడకుండా నోటి దగ్గర, గాయాల దగ్గర తేల్చుకోవాలి. ఎడమచెయ్యి కుడిచేతికి తోడయ్యిందా, చొక్కా మీది నెత్తురు గాయం నుంచే కారుతోందా అని చూసుకుంటే ఆ పూటకు పనైనట్టే. వార్నిష్ స్ప్రే మాత్రం మన వానాకాలంలో పట్టుకోకూడదు, తేమ గాలిలో తెల్లని పొర కట్టేస్తుంది. మే ఎండలో కొడితే తుంపర గాలిలోనే ఆరి గరుకుగా పడుతుంది. దసరా దాటిన పొడి పొద్దుటి వేళలు దానికి మంచివి.