రికార్డు వాన, పదును వాన: గుంటూరు, ప్రకాశం మైదానాల నేపథ్యంలో వర్షపాత వార్తాభాష - పరిశీలన

వ్యాససంగ్రహం:

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాల్లో భారీవర్షం కురిసినప్పుడల్లా రెండు భాషలు వినిపిస్తాయి. వాతావరణ ఔత్సాహికుల భాషలో అది రికార్డు. సాగుదారుల భాషలో అది ముంపు. ఈ వ్యాసం ఆ రెండు భాషలను పోల్చి పరిశీలిస్తుంది. వర్షపాతాన్ని ఆటలో పరుగుల్లా లెక్కించే వాడుక వానను నేలనుంచి, కాలంనుంచి, పైరునుంచి వేరుచేస్తుందని, వ్యావసాయిక తెలుగులోని పదును, అదును, తెరిపి వంటి మాటలు ఆ బంధాన్ని నిలుపుతాయని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: వర్షపాతం, రికార్డు, పదును, తెరిపి, నల్లరేగడి, మిరప, కౌలు రైతు.

1. ఉపోద్ఘాతం:

వాన రాకను ముందుగా చెప్పడం, కురిసిన వానను కొలిచి ప్రకటించడం ఒకప్పుడు ప్రభుత్వ వాతావరణ శాఖ పని మాత్రమే. నేడు ఆ పనిలో ఔత్సాహికులు కూడా పాల్గొంటున్నారు. వారి సేవ చిన్నది కాదు. ఉపగ్రహ చిత్రాలను, రాడార్ సమాచారాన్ని రైతుకు అర్థమయ్యే తెలుగులో చెబుతున్న 'ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్' సాయి ప్రణీత్ కృషిని 2021 జులైలో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో ప్రస్తావించారు. కనుక ఈ పరిశీలన ఔత్సాహికులపై అభియోగం కాదు. వారూ, వార్తాపత్రికలూ, మనమూ కలిసి వాడుతున్న ఒక భాషపై విమర్శ.

గుంటూరు, ప్రకాశం అనే పేర్లను 2022 ఏప్రిల్ నాటి పునర్వ్యవస్థీకరణకు పూర్వపు జిల్లాల అర్థంలోనే ఇక్కడ వాడుతున్నాను. నేటి పల్నాడు, బాపట్ల జిల్లాల నేలలు కూడా ఈ పరిశీలనలో భాగమే.

2. పరుగుల భాష:

ఒక కేంద్రంలో నూరు మిల్లీమీటర్లు దాటితే 'సెంచరీ', రెండువందలు దాటితే 'డబుల్ సెంచరీ', పాత అంకెను మించితే 'రికార్డు బద్దలు' అనడం ఔత్సాహికుల మాటల్లో సాధారణమైంది. ఇవి క్రికెట్ నుంచి వచ్చిన మాటలు. ఆటలో అంకె పెరగడమే విజయం. ఆ మాటలను వానకు వాడినప్పుడు ఆ విలువ కూడా వెంట వస్తుంది. తొంభై ఎనిమిది దగ్గర ఆగిన వాన నిరాశ కలిగిస్తుంది. నూటరెండు దగ్గర ఆగినది ఆనందం కలిగిస్తుంది. మునిగిన పొలానికి ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడా తెలియదు.

భారత వాతావరణ శాఖ వర్గీకరణ వేరు. ఇరవైనాలుగు గంటల్లో 64.5 మి.మీ. నుంచి 115.5 మి.మీ. వరకు భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతిభారీ వర్షం, 204.5 ఆపైన అత్యంత భారీ వర్షం. ఈ విభజనకు ప్రయోజనం హెచ్చరిక. 'డబుల్ సెంచరీ' అనే మాట దాదాపు అదే అంకె దగ్గర నిలిచినా చెప్పే సంగతి వేరు. మొదటిది జాగ్రత్త పడమంటుంది, రెండోది చప్పట్లు కొట్టమంటుంది.

'రికార్డు' అనే మాటలో మరో లోపం ఉంది. రికార్డు ఎంత గొప్పదన్నది ఆ కేంద్రం వయస్సును బట్టి ఉంటుంది. నూరేళ్ళ లెక్కలున్న కేంద్రంలో పాత అంకెను దాటడం అరుదు. ఇటీవల మండలాల్లో ఏర్పడిన స్వయంచాలిత కేంద్రాలకు గతం తక్కువ గనుక అక్కడ రికార్డు సులభం. కేంద్రం వయస్సు చెప్పకుండా రికార్డును ప్రకటించడం శాస్త్రదృష్టితోనూ అసంపూర్ణమే.

3. సంప్రదాయంలో వాన కొలత:

వానను కొలవడం మనకు కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం కోష్ఠాగారంలో వర్షమానపాత్ర ఉంచాలని చెప్పింది. ప్రాంతాల వారీగా వర్షపాతాన్ని ద్రోణాల్లో పేర్కొంటూ అశ్మకానికి పదమూడున్నర ద్రోణాలని నిర్దేశించింది. అయితే ఆ సంఖ్య దగ్గర ఆగలేదు. వర్షంలో మూడోవంతు ఋతువు మొదటి, చివరి మాసాల్లోను, రెండు వంతులు నడిమి మాసాల్లోను కురిస్తే అది మంచి ఏడాది అని చెప్పింది. ప్రాంతాల, మాసాల వారీ ఈ వర్షపాత లెక్క సీతాధ్యక్షుని, అంటే వ్యవసాయాధికారి, విధుల్లో భాగంగా వస్తుంది. వానను బట్టి ఏ విత్తనం వేయాలో నిర్ణయించడం ఆ కొలత ప్రయోజనం. పాత్రలోని నీరు పొలంలోని గింజ కోసం కొలిచినదే.

తెలుగు జనవ్యవహారం కూడా ఇదే దారిలో నడిచింది. మంచి పాలనను 'నెలకు మూడు వానలు' అని చెప్పుకున్నాం. ఇందులో పరిమాణం లేదు, వానకూ వానకూ నడుమ ఎడం ఉంది. మరోవైపు, ఈతిబాధలను లెక్కించేటప్పుడు అతివృష్టిని అనావృష్టి పక్కనే నిలిపాం. ఎక్కువ వానను ఘనతగా కాక బాధగా గుర్తించిన సంప్రదాయం మనది.

4. పదును, అదును, తెరిపి:

సాగుదారుల పలుకుబడిలో వానకు సంబంధించిన మాటలు అనేకం. చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుంభవృష్టి అనేవి వాన తీరును చెబుతాయి. వీటికంటే విశిష్టమైనవి మరో మూడు.

పదును అంటే నేలలోకి ఇంకి, నాగలికీ విత్తుకూ వేరుకూ అందే తేమ. ఆకాశం ఎంత ఇచ్చిందన్నది కాక నేల ఎంత పుచ్చుకుందన్నది దీని కొలత. అదును అంటే పనికి తగిన సమయం. తెరిపి అంటే వాన నడుమ దొరికే విరామం. ఇరవైనాలుగు గంటల మొత్తంలో ఈ మూడూ కనిపించవు. ఉదయం 8.30 నుంచి మరునాటి ఉదయం 8.30 వరకు నూరు మిల్లీమీటర్లని నమోదైతే, అది రోజంతా తెరిపిస్తూ కురిసిందో, మూడు గంటల్లో కుమ్మరించిందో ఆ అంకె చెప్పదు.

నల్లరేగడిలో ఈ తేడాయే నిర్ణాయకం. వేసవిలో నెర్రెలిచ్చిన రేగడి తొలివానను ఆ నెర్రెల్లోకి తాగుతుంది. తడిసిన బంకమన్ను ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక ఇంకే వేగం బాగా తగ్గుతుంది. ఆ తరువాతి వాన నిలుస్తుంది లేదా పారుతుంది. ఒక ఎకరంపై ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,047 లీటర్లు. రెండువందల మిల్లీమీటర్లంటే ఎనిమిది లక్షల లీటర్లకు పైమాటే. 'డబుల్ సెంచరీ'ని ఎకరం భాషలోకి మారిస్తే వచ్చేది ఈ అంకె. అంత నీటిని ఏ బోదె గుండా, ఏ వాగులోకి పంపాలన్నది ఆ రాత్రి రైతు ముందున్న ప్రశ్న.

5. మిరప చేను చెప్పే లెక్క:

మిరప సాగు ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తుంది. నాటిన తొలి వారాల్లో నీరు నిలిస్తే వేరు ఊపిరాడక మొక్క వడలుతుంది, వేరుకుళ్ళు సోకుతుంది. పూత దశలో ముసురు పడితే పూత, పిందె రాలుతాయి. కోసిన కాయ కల్లంలో ఆరుతున్నప్పుడు ఒక చిన్న జల్లు చాలు, కాయ రంగు మారి, బూజు పట్టి, తాలుకాయగా గుంటూరు మిర్చియార్డుకు చేరుతుంది. మాఘ, ఫాల్గుణాల్లో కల్లంపై పడిన పది మిల్లీమీటర్లు ఏ రికార్డులోనూ చేరవు. ఏడాది పెట్టుబడిని మాత్రం తీసుకుపోగలవు. ఆషాఢంలో పడిన నూరు మిల్లీమీటర్లు అదే నేలకు మేలు చేయవచ్చు. నష్టం వర్షపాతంతో సమంగా పెరగదు. వాన పడిన అదును దాన్ని నిర్ణయిస్తుంది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అప్పటికి కాపుమీదున్న మిరప, తీతకు వచ్చిన పత్తి, కోసి పనలమీదున్న వరి, మొలకెత్తిన శనగ ఒకే వానను నాలుగు విధాలుగా అనుభవించాయి. ఏ కేంద్రంలో ఎన్ని మిల్లీమీటర్లన్న పట్టికలో ఈ నాలుగు కథలకూ ఒకే గడి.

6. కొలిచిన చోటు, మునిగిన చోటు:

రికార్డు నమోదైన చోటే వరద రావాలని లేదు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట తెలంగాణలోను, ఉమ్మడి కృష్ణా జిల్లాలోను కురిసిన వానలు మున్నేరు వంటి ఉపనదుల గుండా కృష్ణలో చేరాయి. ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 1957లో బ్యారేజీ ప్రారంభమైన తరువాత అదే అత్యధికం. సెకనుకు మూడు కోట్ల లీటర్లు దాటిన ఆ ప్రవాహం కూడా వార్తల్లో రికార్డుగానే వచ్చింది. ఆ నీరు చేరినది బ్యారేజీకి దిగువన కొల్లిపర, కొల్లూరు, భట్టిప్రోలు మండలాల లంకల్లోకి, అక్కడి పసుపు, కంద, అరటి తోటల్లోకి. ఎగువన ఉత్సాహంతో లెక్కించిన వాననే దిగువన మెడలోతు నీటిలో నిలిచి అనుభవించారు. 'దిగువ' అనే మాట లేని వర్షపాత ప్రకటన సగం ప్రకటనే.

వరద తగ్గాక మరో అంకె వస్తుంది. విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పంటనష్టం 33 శాతం, ఆపైన ఉంటేనే పెట్టుబడి రాయితీకి అర్హత. 2015 వరకు ఈ హద్దు 50 శాతం. నిలబడి ఉండి రంగు కోల్పోయిన కాయ ఈ శాతంలో సులభంగా ఒదగదు. పైగా ఈ మైదానాల్లో సాగు చేసేవారిలో కౌలు రైతులు అధికం. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద పత్రం పొందాలంటే భూయజమాని అంగీకారం అవసరమైంది. పత్రం లేని కౌలు రైతు వర్షపాత పట్టికలో లేడు, ప్రవాహ పట్టికలో లేడు, నష్టాల జాబితాలోనూ లేకుండా పోయే ప్రమాదం ఉంది.

7. ఉత్సాహానికి మూలం:

ఈ ఉత్సాహం కేవలం నిర్దయ అనడం న్యాయం కాదు. 1832-33 నాటి నందన కరువును పేరుపెట్టి గుర్తుంచుకున్న జిల్లా గుంటూరు. పశ్చిమ ప్రకాశంలో వాన కోసం ఎదురుచూపు నేటికీ తీరలేదు. మబ్బు కమ్మితే మనసు పొంగడం ఇక్కడ సహజం. అయితే ఆ పొంగుకు కారణం వాన ఇవ్వబోయే పదును. పదునును వదిలి అంకెను పట్టుకున్నప్పుడే ఆనందం దారితప్పింది.

జనస్మృతి విపత్తును ఎలా నిలుపుకుంటుందో కూడా గమనించాలి. 1977 నవంబరు 19 నాటి విషాదాన్ని గాలివేగంతోనో వర్షపాతంతోనో కాక 'దివిసీమ ఉప్పెన' అని తలచుకుంటాం. కరువుకు సంవత్సరం పేరు, ఉప్పెనకు నేల పేరు నిలిచాయి. బాధపడిన కాలమూ చోటూ ఆ పేర్లలో ఉన్నాయి.

8. ఉపసంహారం:

వానను కొలవడం మానాలని ఈ వ్యాసం కోరదు. కొలత లేనిదే హెచ్చరిక లేదు, పరిహారం లేదు, మురుగుకాలువ రూపకల్పన లేదు. కోరేది కొలతను పూర్తి చేయమని. ఎంత కురిసిందన్నదానితోపాటు ఎంతసేపట్లో కురిసింది, తెరిపి ఇచ్చిందా, ఏ నేలపై కురిసింది, ఏ దశలోని పైరుపై కురిసింది, ఆ నీరు ఎటు పారుతుంది అనే అయిదు సంగతులు చేరితే అదే ప్రకటన రైతుకు పనికివస్తుంది. కేంద్రం వయస్సు చెబితే పరిశోధకునికీ పనికివస్తుంది. దీనికి కొత్త పారిభాషిక పదాలు కల్పించనక్కరలేదు. అవి ఈ మైదానాల సాగుదారుల నోట ఇంకా ఉన్నాయి. ఔత్సాహికులు ఈ మాటలను నేర్చుకుంటే, రేపు ఒక రాత్రి రెండువందల మిల్లీమీటర్లు దాటినప్పుడు వారు మొదట రాసేది పాత రికార్డు ఏదన్నది కాక, దిగువన ఏ ఊళ్ళు మేలుకొని ఉండాలన్నది అవుతుంది.