విశేషణం పక్కన ఏముంది?

అనువాదంలో తెలియని మాట పెద్దగా ఇబ్బంది పెట్టదు. నిఘంటువు తీస్తాం. తెలుసనుకున్న మాటే ముంచుతుంది. ఇంగ్లిషులో క్లాసిక్, క్లాసికల్ లాంటి కవల విశేషణాలతో వచ్చే చిక్కే ఇది.

2008లో తెలుగుకు దక్కిన హోదా క్లాసికల్ లాంగ్వేజ్. కూచిపూడి క్లాసికల్ నృత్యం. 1957 నాటి ‘మాయాబజార్’ మాత్రం క్లాసిక్. ఒక సంప్రదాయానికి చెందినదని చెప్పడానికి క్లాసికల్, ఏళ్లు గడిచినా వన్నె తగ్గలేదని మెచ్చుకోవడానికి క్లాసిక్. అలాగే కాకతీయుల శాసనం హిస్టారికల్ ఆధారం; 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటం హిస్టారిక్ ఘట్టం. మన పత్రికల్లో ‘చారిత్రక’ ఒక్కటే ఈ రెండు బరువులూ మోస్తోంది. అందుకే తెలుగు నుంచి ఇంగ్లిషులోకి వెళ్లేటప్పుడు ఇక్కడ కాలు జారుతుంది.

ఇలాంటి జంటల్ని జాబితాగా బట్టీ పట్టించడం నాకు నచ్చదు. పక్కపక్కన చదివిన మాటలు పక్కపక్కనే గుర్తొస్తాయి, ఏది ఏదో తేలదు. దేన్నైనా అది అంటిపెట్టుకునే నామవాచకంతో కలిపి, విడిగా నేర్చుకోవాలి. జ్యుడీషియల్ అనగానే రిమాండ్, కస్టడీ, ఎంక్వైరీ గుర్తుకు రావాలి. అది కోర్టుల చుట్టూ తిరిగే మాట. జ్యుడీషియస్‌కు కోర్టుతో పనిలేదు. ఆచితూచి ఖర్చుపెట్టే ఇల్లాలి నిర్ణయమూ జ్యుడీషియసే. పాలసీ ఎకనామిక్, లీటరుకు ఎక్కువ దూరం నడిచే బండి ఎకనామికల్. 1986లో ‘స్పైక్యాచర్’ పుస్తకం కేసులో బ్రిటన్ క్యాబినెట్ కార్యదర్శి రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్నీ కోర్టులో సాక్ష్యమిస్తూ, ఒక ఉత్తరంలో నిజాన్ని ఎకనామికల్‌గా వాడినట్టు ఒప్పుకున్నారు. నిజాన్ని పొదుపు చేశారన్నమాట! అక్కడ ఎకనామిక్ అని ఉంటే ఆ మాటకు అర్థమే ఉండదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టే జంట వేరే ఉంది. ఫ్లేమబుల్, ఇన్‌ఫ్లేమబుల్ రెండిటికీ అర్థం ఒక్కటే: సులువుగా అంటుకునేది. ముందున్న ‘ఇన్’ను చూసి అది మంట అంటుకోనిదని పొరబడే వీలుంది. ఆ ప్రమాదం వల్లే 1920ల్లో అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ఫ్లేమబుల్ అనే వాడమని గట్టిగా కోరింది. మన రోడ్ల మీద పెట్రోలు ట్యాంకర్ల వెనక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అన్న రాత ఇప్పటికీ కనిపిస్తుంది. బడిలో పిల్లలకు ముందు ఈ జంట చెప్పండి. మిగతావాటికి తొందర లేదు.