వోల్టేజికి తాళం ఎవరి కోసం?

2019 డిసెంబరులో వెలువడిన ‘ప్లండర్‌వోల్ట్’ పరిశోధన గొప్పదే. బర్మింగ్‌హామ్, గ్రాట్స్, లూవెన్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు ఇంటెల్ ప్రాసెసర్ వోల్టేజిని సాఫ్ట్‌వేర్‌తో తగ్గించి, గుణకారాలు తప్పేలా చేసి, ఎస్‌జీఎక్స్ అనే రక్షిత భాగంలోని రహస్య సంకేతాలను బయటికి లాగారు. విమర్శించవలసింది దానికి జరిగిన చికిత్సను. వోల్టేజి మార్పుకు తాళం వేసే సదుపాయాన్ని ఇంటెల్ ఇచ్చింది. పలు లాప్‌టాప్ కంపెనీలు దాన్ని అందరికీ బిగించేశాయి.

నష్టమెంత? ప్రాసెసర్ స్విచింగ్‌కు ఖర్చయ్యే శక్తి వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 1 వోల్టును 0.9కి దించితే ఖర్చు 0.81 వంతు అవుతుంది. అంటే 19 శాతం ఆదా. పౌనఃపున్యం మారదు కనుక వేగమూ తగ్గదు. సూరత్‌లో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున, లింబాయత్‌లోని తెలుగు మరమగ్గాల కార్మికుల ఇళ్లలో పాత లాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే మందగిస్తుంది. అక్కడ ఇది చిన్న ఆదా కాదు. (బ్యాటరీపై మాత్రం పెద్ద ఆశలు వద్దు. తెరకూ వాటా ఉంది. తేలిక పనుల్లో ప్రాసెసర్ ఎలాగూ కునుకు తీస్తుంది.) మరీ దించితే యంత్రం ఆగిపోతుంది, లెక్కలూ తప్పవచ్చు.

ఆ దాడి చేయాలంటే కంప్యూటర్‌పై పూర్తి అధికారం ముందే చేజిక్కాలి. అలాంటి అధికారినీ నమ్మకపోవడమే ఎస్‌జీఎక్స్ ఉద్దేశం, నిజమే. కానీ 2021 నాటి 11వ తరం డెస్క్‌టాప్ కోర్ ప్రాసెసర్లలో ఇంటెల్లే దాన్ని వదిలేసింది. ఎస్‌జీఎక్స్ ఊసే ఎరుగని విద్యార్థికి బయోస్‌లో తాళంచెవి వదిలితే సరిపోయేది.