మానిటాల్ సీసా వెనుక పనితనం

ఏ మందు ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్న విచారణ హైదరాబాద్‌కు కొత్త కాదు. క్లోరోఫారం మత్తులో ప్రాణం ఎందుకు పోతుందో తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ చొరవతో 1888, 1889లలో కమిషన్లు పనిచేసింది ఈ ఊళ్లోనే. అఫ్జల్‌గంజ్‌లో, మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రిది ఆనాటి వైద్య వారసత్వమే.

అదే శ్రద్ధ ఇవాళ మానిటాల్ సీసా దగ్గర కనిపిస్తుంది. తలకు దెబ్బ తగిలి మెదడు వాచినవారికి నరంలోకి ఎక్కించే మందు ఇది. ఒకరకం చక్కెర ఆల్కహాల్. మెదడు రక్తనాళాల గోడ బాగున్నంతవరకు దాన్ని దాటి లోపలికి పోదు. అవతలి నీటిని రక్తంలోకి లాగుతుంది. మూత్రపిండాలు దాన్ని వడకడతాయే గాని దాదాపుగా తిరిగి పీల్చుకోవు. అందుకే నీటిని వెంటబెట్టుకుని మూత్రంలో పోతుంది.

5 శాతం ద్రావణం గాఢత లీటరుకు సుమారు 275 మిల్లీఆస్మోల్స్. ఇంచుమించు రక్తంతో సమానం. 10 శాతానిది 549. 20 శాతానిది 1098, అంటే రక్తానికి దాదాపు నాలుగింతలు. 60 కిలోల మనిషికి కిలోకు అర గ్రాము చొప్పున 30 గ్రాములు రాశారనుకుందాం. 10 శాతం మందైతే 300 మి.లీ. ఎక్కించాలి, 20 శాతమైతే 150 చాలు. మందు అంతే, వెంట వచ్చే నీరు మాత్రం సగం. వాపు తీయడానికి 20 శాతం వైపు మొగ్గేది అందుకే.

ఆ బలానికి తగ్గ జాగ్రత్తా కావాలి. గది వేడిలో 100 మి.లీ. నీటిలో కరిగేది సుమారు 18 గ్రాములే. కాబట్టి చలికాలం రాత్రి సీసా అడుగున సన్నని స్ఫటికాలు పేరుకోవచ్చు. సిస్టర్ సీసాను వెలుతురుకు ఎత్తి, తలకిందులు చేసి చూస్తారు. పలుకు కనిపిస్తే వేడినీటిలో ఉంచి, కదిపి, పూర్తిగా కరిగించి, ఒంటి వేడికి చల్లార్చి, మళ్లీ చూస్తారు. కరగకపోతే పక్కన పడేస్తారు. ఫిల్టర్ ఉన్న సెట్టే వాడతారు. రక్తం ఎక్కే లైన్‌లో కలపరు. క్యాన్యులా నరంలోనే ఉందో లేదో చూస్తారు. మందు బయటికి కారితే కండ దెబ్బతింటుంది. మూత్రం కొలుస్తారు, సోడియం చూస్తారు. రక్తం గాఢత 320 దాటితే సాధారణంగా మందు ఆపేస్తారు.

మీవాళ్లు మంచం మీద ఉన్నప్పుడు సిస్టర్ సీసా పైకెత్తి చూస్తుంటే తొందరపెట్టకండి. ఆ చూపు కూడా వైద్యమే.