కృపావరము: ఒక పదవిచారము

లండను మిషనువారు కడపలో 1822లో పని నారంభించిరి. ఆ శతాబ్ది ఉత్తరార్ధమున కడప, కర్నూలు సీమల మాలపల్లెలనుండి జనులు విశేషముగా క్రైస్తవసంఘమున చేరిరి. ఆ పల్లెలలో తెలుగు బైబిలు చదువబడినపుడు, విశ్వాసులలో వరములు వేరువేరని పౌలు చెప్పినమాట శ్రోతల కెట్లు తోచియుండును? అనువాదకులు వాడిన పదములను పరిశీలించినచో దీనికి కొంత సమాధానము లభించును.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయమున మూలపదము 'ఖరిస్మా'. 'ఖరిస్' అనగా కృప. కృపచే ఊరక లభించినది ఖరిస్మా. తెలుగున 'వరము' పురాణవాసన గల మాట. హిరణ్యకశిపుడు తపమొనర్చి వరము గొనెను. భస్మాసురుడు వరమిచ్చినవానినే తరిమెను. అట్టి వరము తపఃఫలము, పొందినవాని సొత్తు. పౌలు చెప్పిన వరము ఆర్జితము కాదు. అది అందరి మేలుకొరకు ఈయబడినది. 'కృపా' శబ్దమును ముందు చేర్చుటచే అనువాదకులు వరశబ్దమునందలి ఆర్జితార్థమును తొలగించిరి. ఈ సమాసము చిన్నదైనను గొప్ప వ్యాఖ్యానము.

'ప్రభుత్వము' విషయమున వా రంత కృతార్థులు కాలేదు. 28వ వచనమున మూలపదమైన 'కుబెర్నేసిస్'కు ఓడ చుక్కాని పట్టుట అని అర్థము. ప్రభుత్వమనగానే మన శ్రోతకు కలెక్టరు కచేరి స్ఫురించును. అయినను వరుసలో ఉపకారములు ముందు, ప్రభుత్వములు తరువాత వచ్చినవి. కొరింథీయులు గర్వించిన భాషావరము తుదకు చేరినది. అపొస్తలులు, ప్రవక్తలు, బోధకులు అను మొదటి మూడింటికి పౌలు సంఖ్యలిచ్చెను గదా, తారతమ్యము లేదనుట యెట్లని ఆక్షేపింపవచ్చును. తారతమ్యము కలదు, కాని అది పనికి సంబంధించినది, పుట్టుకకు సంబంధించినది కాదు.

ఇదియే అవయవదృష్టాంతమునకు కీలకము. పురుషసూక్తమునను దేహమే ఉపమానము. అందు ముఖబాహూరుపాదములు నాలుగు వర్ణములతో ముడిపడినవి. ఈ పోలికనుబట్టి పౌలు వాక్యమును 'ఎవరి పని వారిది' అని కులభేదమునకు సమర్థనగా చదువుట సులభము. అది అపవ్యాఖ్య. పౌలు మతమున ఆత్మ తన యిచ్ఛచొప్పున వరములను పంచును. ఘనత తక్కువైన అవయవమునకే అధికఘనత కలుగును.

ఈ సీమకు ఇట్టి భావము కేవలము క్రొత్త కాదు. వీరబ్రహ్మముగారి శిష్యులుగా దూదేకుల సిద్ధయ్యను, మాదిగ కక్కయ్యను చెప్పుకొను కందిమల్లయపల్లె కడపసీమలోనిదే. అయినను సూక్తములోని దేహమున మాలపల్లె శ్రోతకు పాదస్థానమైనను లేదు. తాను కూడ ఒక అవయవమనియు, తాను లేనిదే శిరస్సునకు జరుగదనియు అతడు తన భాషలో వినెను. సంఘములు ఆ మాటను నిలుపుకొన్నవా యన్నది చరిత్ర విచారింపవలసిన విషయము. త్రోసిపుచ్చుటకు మాత్రము ఆ వాక్యమున ఆధారము లేదు.