తీసెయ్యగా మిగిలిన చుక్కలు

బియ్యంలో రాళ్లేరే అమ్మ ప్రతి గింజనూ పట్టి చూడదు. చేటను ఒకసారి కదిపి, గింజల్లో కలవనిదాని కోసం వెతుకుతుంది. లక్షల నక్షత్రాల మధ్య వెలుగు మారే నక్షత్రాన్ని పట్టుకున్న పద్ధతీ అలాంటిదే.

అమెరికాలోని హార్వర్డ్ అబ్జర్వేటరీలో దాదాపు 5 లక్షల గాజు పలకలున్నాయి. ఒక్కొక్కటీ ఒక రాత్రి ఆకాశంలో ఓ ముక్కకు తీసిన ఫొటో. దక్షిణాకాశాన్ని పెరూలోని అరెకిపాలో ఫొటోలు తీసి పలకలను హార్వర్డ్‌కు పంపేవారు. వాటిని చదివే పని చాలావరకు ఆడవాళ్లది. వాళ్లనే అప్పట్లో 'కంప్యూటర్లు' అనేవారు. ఆ బృందంలో ఒకరైన హెన్రియెట్టా లీవిట్ జీతం గంటకు 30 సెంట్లు.

ఆమె చేసిన పనిని దగ్గరగా చూడాలి. నెగెటివ్ పలక మీద నక్షత్రాలు నల్లగా ఉంటాయి. అదే చోటును వేరే రాత్రి తీసిన పలకను పాజిటివ్‌గా మారిస్తే నక్షత్రాలు తెల్లగా కనిపిస్తాయి. రెంటినీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చి వెలుతురుకు పెడితే, మారని నక్షత్రాల నలుపూ తెలుపూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. వెలుగు మారిన నక్షత్రం దగ్గర మాత్రం అలా సరిపోదు. నల్లచుక్క చుట్టూ తెల్లని అంచో, తెల్లచుక్కను దాటిన నలుపో మిగిలిపోతుంది. అక్కడ ఇంకుతో గుర్తు పెట్టాలి. అంతటితో అయిపోదు. పలక మీద దుమ్ము, గీతలు కూడా నక్షత్రంలాగే మోసం చేస్తాయి కాబట్టి ఒక్క పలకను నమ్మకూడదు. మిగతా రాత్రుల పలకలన్నీ తీసి, ఆ నక్షత్రం వెలుగును రాత్రికో అంకె చొప్పున రాసుకుంటూ పోవాలి.

1908లో ఆమె, దక్షిణాకాశంలో మబ్బుల్లా కనిపించే నక్షత్రాల గుంపులైన రెండు మెజలానిక్ మేఘాల్లో 1,777 చరతారల (వెలుగు మారే నక్షత్రాల) జాబితా ప్రచురించింది. వాటిలో 16 తారలకు మాత్రమే, వెలుగు హెచ్చి తగ్గడానికి పట్టే కాలం అప్పటికి తేలింది. ఎక్కువ వెలిగేవాటికి ఎక్కువ కాలం పడుతోందని అక్కడే ఒక మాట రాసింది. 1912 నాటికి 25 తారలయ్యాయి. కాలం 1.25 రోజుల నుంచి 127 రోజుల దాకా. కాలానికి లాగరిథమ్ తీసుకుని, వెలుగుతో కలిపి గ్రాఫు మీద పెడితే సరళరేఖ. ఈ ఫలితాన్ని ప్రకటించిన సర్క్యులర్ కింద సంతకం అబ్జర్వేటరీ డైరెక్టర్ పికరింగ్‌ది. సిద్ధం చేసింది మిస్ లీవిట్ అని మొదటి వాక్యంలోనే ఉంది.

నా దృష్టిలో ఆమె గొప్పతనం 1,777 అనే అంకెలో లేదు. ఆకాశంలో చిన్నగా మెరిసేది దగ్గరి దీపమో, దూరపు మంటో చూసి చెప్పలేం. లీవిట్ చిన్న మెజలానిక్ మేఘంలోని తారలను తీసుకుంది. అవన్నీ ఒకే గుంపు, మన నుంచి దాదాపు ఒకే దూరం. కాబట్టి వెలుగులో కనిపించే తేడా అసలు తేడాయే. ముందు మారనివాటిని తీసేసింది, తర్వాత దూరాన్నే లెక్కలోంచి తీసేసింది. డేటా సైన్స్ నేర్చుకునే మన పిల్లలకు అల్గారిథం కన్నా ముందు ఈ రెండో మెట్టు నేర్పాలి.

1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో ఇలాంటి తారనే పట్టుకున్నాడు. కాలాన్ని బట్టి అసలు వెలుగు చెప్పే లీవిట్ సూత్రంతో దాని దూరం లెక్కగడితే ఆండ్రోమెడా మన పాలపుంతలోది కాదని, వేరే గెలాక్సీ అని తేలింది. ఆ సంగతి వినడానికి లీవిట్ లేదు. 1921లోనే కన్నుమూసింది.

గాజు పలకలు హార్వర్డ్‌లోనే కాదు; హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ కూడా ప్రపంచ నక్షత్ర పట్టిక కోసం తన వంతు ఆకాశాన్ని గాజు పలకల మీదే ఫొటోలు తీసింది. పలకల కాలం పోయినా లీవిట్ తీసివేత పద్ధతి పోలేదు. ఇవాళ చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీలో, కొత్త ఫొటోలోంచి పాత ఫొటోను కంప్యూటరే తీసివేస్తుంది. మిగిలిన చుక్కలే వార్త.

హార్వర్డ్ పలకలను స్కాన్ చేసే ముందు వాటి మీది ఇంకు గుర్తులను ఫొటో తీసి, ఆ తర్వాతే తుడిచారు. స్కాన్లు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితం. మీ ఇంట్లో ఫిజిక్సో స్టాటిస్టిక్సో చదివే అమ్మాయి ఉంటే, ఒక్క పలకైనా తెరిచి చూడమనండి.