వెయ్యి యెన్లు, రెండు కోట్ల డాలర్లు

ఫోన్ చార్జింగ్ పెట్టుకుందామని ఆఫీసు కంప్యూటర్‌కు వైరు గుచ్చాడు ఆ ఇంజనీరు. డేటా ఫోన్‌లోకి ఎక్కుతోందని అప్పుడే తెలిసింది. అడ్డుకోవాల్సిన సాఫ్ట్‌వేర్ ఆ కొత్త రకం ఫోన్‌ను పట్టించుకోలేదు. జపాన్‌లో పిల్లల చదువుల సంస్థ బెనెస్సె నుంచి దాదాపు 3.5 కోట్ల రికార్డులు అలా జారిపోయాయి. పిల్లల పేర్లు, పుట్టినరోజులు, ఇంటి చిరునామాలు జాబితాల వ్యాపారుల చేతికి చేరాయి. ముందు పసిగట్టింది కంపెనీ కాదు. తామెన్నడూ వివరాలివ్వని మరో కంపెనీ నుంచి ప్రకటనలు రావడంతో, 2014 జూన్‌లో తల్లిదండ్రులే ఆరా తీశారు.

2025 మేలో బయటపడిన కాయిన్‌బేస్ వ్యవహారంలో పొరపాటున దొరికిన సందేమీ లేదు. విదేశాల్లోని కస్టమర్ సపోర్ట్ సిబ్బందిలో కొందరు లంచం తిని 69,461 మంది వివరాలు అందించారు. నేరగాళ్లు 2 కోట్ల డాలర్లు అడిగితే ఈ అమెరికా క్రిప్టో కంపెనీ ఇవ్వనంది. ఆ మొత్తాన్నే వాళ్లను పట్టిచ్చేవారికి బహుమతిగా ప్రకటించింది. మోసగాళ్ల మాట నమ్మి డబ్బు పంపేసిన కస్టమర్లకు తానే ఆ డబ్బు తిరిగిస్తానంది.

బెనెస్సె మొదట పరిహారం ఆలోచనే లేదంది, ఆ తర్వాత దిగొచ్చి మనిషికి 500 యెన్ల కూపన్ ఇచ్చింది. పసిపిల్ల చిరునామాకు కట్టిన ఆ వెల చూస్తే నాకు కడుపు మండుతుంది. కాయిన్‌బేస్ తీరు ఎంతో నయం. కానీ అది పూడుస్తానన్నది పోయిన డబ్బునే. డబ్బు పోకపోయినా, ఇంటి అడ్రసు, ఖాతాలో ఎంతుందన్న లెక్క దొంగల చేతిలో పడ్డ మనిషి సంగతేంటి? ఇక్కడ జపాన్ న్యాయస్థానం ఒక మెట్టు పైనుంది. బెనెస్సె నుంచి లక్ష యెన్లు కోరిన ఓ తండ్రి కేసును కింది కోర్టులు కొట్టేశాయి. 2017లో సుప్రీంకోర్టు మాత్రం గోప్యతకు దెబ్బ తగిలిందని స్పష్టంగా చెప్పి, కేసును వెనక్కి పంపింది. చివరికి ఆయన చేతికొచ్చింది 1,000 యెన్లు. సూత్రం గొప్పది, చెల్లింపు చిల్లర.

రెండు చోట్లా తాళాలు బయటివాళ్ల చేతిలోనే ఉన్నాయి. బెనెస్సె ఇంజనీరు కాంట్రాక్టు మనిషి, కాయిన్‌బేస్ సపోర్ట్ పని దేశం దాటించింది. ఖర్చు తగ్గించుకోవడానికి పని బయటికిచ్చినవాడు, తప్పు కూడా బయటివాడిదేనంటే ఒప్పుకోకూడదు.

మన 2023 డేటా రక్షణ చట్టం ఈ మాట గట్టిగానే చెప్పింది. పని ఎవరికి అప్పగించినా బాధ్యత అసలు కంపెనీదే, భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. అయితే ఆ సొమ్మంతా ప్రభుత్వ ఖజానాకే. ఆ చట్టం కింద, వివరాలు పోగొట్టుకున్న మనిషికి పరిహారంగా ఆ వెయ్యి యెన్లపాటి కూడా రాదు.